వెండితెర కత్తికి మన ఊరి పేరు

ఆళ్లగడ్డ: ఇక్కడి నుంచి చదువుకో, కొలువుకో హైదరాబాదు వెళ్లిన ప్రతి యువకుడూ ఒక ప్రశ్న ఎదుర్కొని ఉంటాడు. 'మీది ఏ ఊరు?' అన్నంతవరకు ఇబ్బంది లేదు. దానికి జవాబు చెప్పిన మరుక్షణం వచ్చే ప్రశ్నతోనే చిక్కంతా. 'అమ్మో, ఆళ్లగడ్డా! అయితే మీ ఇళ్లలో బాంబులుంటాయా?' అడిగేవాడు నవ్వుతూనే అడుగుతాడు. వినేవాడు కూడా నవ్వక తప్పదు. ఈ వ్యాసకర్తకు ఒకప్పుడు ఇల్లు అద్దెకిస్తానన్న పెద్దమనిషి, ఊరి పేరు విన్న తరువాత, తమ బంధువులెవరో వస్తున్నారని చెప్పి తలుపు వేసుకున్నాడు. ఆ బోర్డు మరో రెండు నెలలపాటు ఆ గేటుకే వేలాడుతూ ఉండడం కళ్లారా చూసినదే.

ఆ పెద్దమనిషి జీవితంలో ఎన్నడూ సీమకు వచ్చి ఉండడు. ఆయనకు ఆళ్లగడ్డను పరిచయం చేసింది సినిమా. కాబట్టి సినిమా గురించి, దానిని ప్రచారానికి వాడుకునే రాజకీయం గురించి, ఆ రెండింటికీ టిక్కెట్టు కొని మరీ చప్పట్లు కొడుతున్న మన గురించి కొంత నిష్ఠురంగానే మాట్లాడుకోవలసి ఉంది.

రేగడి నేలకు ఎర్రమట్టి రంగు

వెంకటేష్ నటించిన 'ప్రేమించుకుందాం రా' 1997లో వచ్చింది. ప్రేమకథకు కర్నూలు కక్షలను నేపథ్యం చేసి ఆ చిత్రం విజయం సాధించింది. 1999 సంక్రాంతికి 'సమరసింహారెడ్డి', 2001 సంక్రాంతికి 'నరసింహనాయుడు' విడుదలయ్యాక నేపథ్యమే అసలు కథగా మారిపోయింది. 2002లో 'ఆది', 'ఇంద్ర', 'చెన్నకేశవరెడ్డి' ఒకే ఏడాది వచ్చాయి. 2003లో 'ఒక్కడు' కర్నూలు కొండారెడ్డి బురుజును రాష్ట్రమంతటికీ చూపించింది. చారిత్రక కట్టడంగా కంటే ప్రతినాయకుడి అడ్డాగానే అది జనం మనసులో నిలిచిపోయింది. ఐదారేళ్ల వ్యవధిలో 'ఫ్యాక్షన్ చిత్రం' అనే కొత్త వర్గం తయారై, పంపిణీదారుల లెక్కల్లో దానికంటూ ఒక ధర ఏర్పడింది.

ఈ చిత్రాల్లోని సీమకూ మన సీమకూ పోలిక చూడండి. తెరమీద కనిపించేది ఎర్రటి దుమ్ము, బండరాళ్లు, ఒక్క చెట్టూ లేని మైదానం, మధ్యలో వరుసగా వాహనాలు. ఆళ్లగడ్డ, నంద్యాల ప్రాంతం నల్లరేగడి నేల. పక్కన కుందూ నది, మీదుగా కేసీ కాలువ, తూర్పున నల్లమల. కాలువలో నీళ్లు వచ్చిన ఏడాది నంద్యాల నుంచి ఆళ్లగడ్డ వరకు రోడ్డు పొడవునా వరి పచ్చగా ఉంటుంది. 1906 నుంచి పనిచేస్తున్న నంద్యాల వ్యవసాయ పరిశోధనా కేంద్రం విడుదల చేసిన పత్తి రకాల్లో ఒకదాని పేరు 'నరసింహ'. అహోబిలంలో దేవుడూ నరసింహుడే, కోవెలకుంట్లలో ఉరికంబమెక్కిన పాలెగాడూ నరసింహుడే. అదే పేరును సినిమావారు తీసుకుని కత్తికి తగిలించారు.

సినిమాకు కథ ముఖ్యం కానీ భూగోళం కాదని వాదించేవారుంటారు. నిజమే. అందుకు 'మర్యాదరామన్న' (2010) చక్కని ఉదాహరణ. దాని మూలం 1923లో అమెరికాలో వచ్చిన మూకీ చిత్రం 'అవర్ హాస్పిటాలిటీ'. అక్కడి రెండు కుటుంబాల పగ తెలుగులోకి వచ్చేసరికి రాయలసీమ పగ అయింది. అదే కథ 2012లో 'సన్ ఆఫ్ సర్దార్'గా హిందీలోకి వెళ్లి పంజాబు పగ అయింది. అంటే కథకు సీమ అవసరం లేదు. ఎక్కడ పాతినా మొలిచే కథను తెచ్చి ఇక్కడే నాటడానికి కారణం ఒక్కటే. సీమ అనగానే ప్రేక్షకుడికి ఇక విడమరచి చెప్పనక్కరలేదు. రెండు రీళ్లలో చూపవలసిన భయాన్ని ఊరి పేరు ఒక్కటే తెచ్చిపెడుతుంది.

శిరివెళ్ల మాస్టారి గొంతు

ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే విచిత్రమైన సంగతి మన పొరుగునే ఉంది. తెరమీద సీమ ప్రతినాయకుడు అనగానే ఎవరికైనా గుర్తొచ్చే గొంతు జయప్రకాష్ రెడ్డిది. ఆయన సొంతగడ్డ ఆళ్లగడ్డ నియోజకవర్గంలోని శిరివెళ్ల మండలం. వృత్తి లెక్కల ఉపాధ్యాయుడు, గుంటూరులో పాఠాలు చెప్పినవారు. నాటకరంగం నుంచి వచ్చి 1988లో 'బ్రహ్మపుత్రుడు'తో సినిమాల్లో అడుగుపెట్టినా, 1997 దాకా పెద్దగా గుర్తింపు రాలేదు. 'ప్రేమించుకుందాం రా'లో మన యాసలో మాట్లాడిన నాటి నుంచి ఆయనకు తిరుగులేకపోయింది.

యాసను అంత నిక్కచ్చిగా, అంత ఇష్టంగా పలికిన నటుడు అంతకు ముందు లేడు. వినేటప్పుడు మనకూ గర్వంగానే ఉండేది. అయితే కాస్త ఆగి ఆలోచిస్తే కనిపించేది వేరు. ఆనాటి చిత్రాల్లో కథానాయకుడు సీమలోనే పుట్టి, సీమలోనే పెరిగి, సీమ ప్రజలకు దేవుడై కూడా కోస్తా పుస్తకభాష మాట్లాడతాడు. మన యాస మాత్రం ప్రతినాయకుడికీ, అతని వెనక కత్తులు పట్టుకుని నిలబడే అనుచరులకూ దక్కుతుంది. ఒకే ఊరి వీధిలో పుట్టిన ఇద్దరిలో మంచివాడికి ఒక భాష, చెడ్డవాడికి మరో భాష ఎలా వచ్చాయో ఏ దర్శకుడూ చెప్పలేదు. మన పిల్లలు పట్నం కళాశాలల్లో నోరు విప్పడానికి జంకిన రోజులు ఆ చిత్రాలు ఆడిన రోజులే. 2007లో 'ఢీ', 2008లో 'రెడీ' వచ్చాక అదే యాస నవ్వులాటగా మారింది. భయపెట్టడం కంటే నవ్వించడం మేలేమో, చెప్పలేం.

జయప్రకాష్ రెడ్డి 2020 సెప్టెంబరు 8న గుంటూరులో మరణించారు. 'అలెగ్జాండర్' అనే నాటకంలో ఆయన ఒక్కరే రంగస్థలంమీద నిలబడి ప్రదర్శన మొత్తం నడిపించేవారు. అంతటి నటుడికి సినిమా ఇరవై ఏళ్లపాటు ఇచ్చింది చాలావరకు ఒకటే వేషం. అది ఆయన ఒక్కరి నష్టమని అనుకోలేం.

ఇటీవల కొంత మార్పు వచ్చిందని ఒప్పుకోవాలి. 2018లో వచ్చిన 'అరవింద సమేత వీర రాఘవ'లో కథానాయకుడే సీమ యాసను పలికాడు. కత్తి పట్టడం కంటే దించడం కష్టమన్న ఆలోచన ఆ కథలో ఉంది, మగవారి పగకు ఆడవారు చెల్లించే మూల్యమూ ఉంది. అయినా ఆ చిత్రంపై సీమ విద్యార్థి, ప్రజాసంఘాలవారు అభ్యంతరం తెలిపారు. రెండు దశాబ్దాల కోపం ఆ ఒక్క చిత్రంమీద పడింది. 2021లో 'పుష్ప' చిత్తూరు యాసను దేశమంతా వినిపించింది, దాని కథానాయకుడికి జాతీయ పురస్కారమూ లభించింది. ఎర్రచందనం కూలీ మహారాజైన కథ అది. అదే శేషాచలం అడవుల్లో 2015 ఏప్రిల్ 7న పోలీసు కాల్పుల్లో 20 మంది తమిళ కూలీలు ప్రాణాలు కోల్పోయారు. వారి కథకు పోస్టరు పడలేదు.

జరగలేదని ఎవరన్నారు?

ఇంత మాట్లాడాక ఒక నిజం దాచడం ధర్మం కాదు. సీమలో కక్షలున్నాయి. ఆళ్లగడ్డ ప్రాంతమూ అందుకు మినహాయింపు కాదు. హత్యలు జరిగాయి, ఊళ్లు రెండుగా చీలాయి, పొలాలు బీళ్లయ్యాయి. అవన్నీ సినిమావారి కల్పనే అనడం ఆత్మవంచన. వారు చూపినదానికంటే చూపనిదానితోనే మన పేచీ.

మానవహక్కుల ఉద్యమకారుడు కె.బాలగోపాల్ సీమ కక్షలను చాలాకాలం పరిశీలించి రాశారు. పగకు వెనక సారా వేలం పాటలు, రోడ్లు, కాలువల కాంట్రాక్టులు, వాటితో వచ్చే రాజకీయ అధికారం ఉంటాయని ఆయన విశ్లేషించారు. తెరమీద మాత్రం పగకు రక్తసంబంధం ఒక్కటే కారణం. తాత చచ్చాడు, తండ్రి చంపాడు, కొడుకు ఇప్పుడు బయలుదేరాడు. టెండరు ఊసు ఎక్కడా రాదు. వాహనాలు గాల్లోకి లేచే దృశ్యంలో చనిపోయే యాభైమందిలో ఒక్కడికీ పేరుండదు. నిజజీవితంలో వాడికి పేరుంది, రెండెకరాల చేనుంది, వాయిదాలకు కోర్టుచుట్టూ తిరిగే తమ్ముడున్నాడు, చీటీల డబ్బు కట్టలేక పుట్టింటికి చేరిన భార్య ఉంది. నాయకుడి ఇంట్లో పెళ్లి కుదిరి రాజీ అయ్యాక కూడా ఆ కేసు వాడిమీద నడుస్తూనే ఉంటుంది. కక్షలకు ఎక్కువగా బలైనది ఈ వర్గమే. వీరిలో ఒక్కడి కథ తీసినా మనకు ఫిర్యాదు ఉండేది కాదు. (అన్నట్టు, టాటా సుమోల తయారీ 2019లోనే ఆగిపోయింది. ఫ్యాక్షన్ చిత్రాలు ఆగలేదు.)

తార వచ్చె, ఓటు రాలె

సినిమా మన పేరును వాడుకున్నట్టే రాజకీయం సినిమాను వాడుకుంది. 2024 మే 11న, పోలింగుకు రెండు రోజుల ముందు, ప్రచారం ముగిసే దినాన, కథానాయకుడు అల్లు అర్జున్ నంద్యాల వచ్చారు. అప్పటి శాసనసభ్యుడు, వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి శిల్పా రవిచంద్రకిశోర్ రెడ్డి ఆయనకు మిత్రుడు. పార్టీ కోసం కాదు, స్నేహం కోసం వచ్చానని ఆయన చెప్పారు. జనం విరగబడ్డారు. అనుమతి లేకుండా జనసమీకరణ చేశారని ఇద్దరిపైనా పోలీసులు కేసు పెట్టారు. దానిని ఆ ఏడాది నవంబరులో హైకోర్టు కొట్టివేసింది. ఆ వీధుల నిండా నిలిచిన జనాన్ని చూసినవారెవరైనా ఎన్నిక ముగిసినట్టేననుకుంటారు. ఓట్లు లెక్కపెడితే గెలిచింది తెలుగుదేశం అభ్యర్థి ఎన్.ఎం.డి.ఫరూక్.

ఇది నంద్యాలకు కొత్త కాదు. 2008లో చిరంజీవి ప్రజారాజ్యం స్థాపించారు. 2009 ఎన్నికల్లో ఆళ్లగడ్డలో ఆ పార్టీ తరఫున శోభా నాగిరెడ్డి గెలిచారు. తార ప్రభావమే అని అప్పట్లో కొందరు రాశారు. అయితే ఆమె అంతకుముందు తెలుగుదేశం నుంచి గెలిచారు, 2012 ఉపఎన్నికలో వైఎస్సార్ కాంగ్రెస్ నుంచి గెలిచారు. మూడు జెండాలు మారినా ఓటు ఆ కుటుంబానికే పడింది. అదే 2009లో నంద్యాల లోక్‌సభ స్థానంలో ప్రజారాజ్యం అభ్యర్థి భూమా నాగిరెడ్డి ఓడిపోయారు. ఆయనపై గెలిచింది కాంగ్రెస్ అభ్యర్థి ఎస్.పి.వై.రెడ్డి, నంది పైపుల అధినేత. ఆ రోజుల్లో పల్లె గోడలమీద సున్నం పూసి రాసిన నంది పైపుల ప్రకటనలు గుర్తున్నవారికి ఇది వింతగా తోచదు. కత్తి ఊసు లేకుండా నంద్యాల పేరును రాష్ట్రమంతటా తిప్పిన ప్రకటన అదొక్కటేనేమో.

ఓటరు తెలివిగానే ఉన్నాడు. చూడడానికి వేరే, ఓటు వేయడానికి వేరే అన్న లెక్క అతనికి తెలుసు. తెలియనిది ఫ్లెక్సీలు కట్టే కుర్రవాడికి. పుట్టినరోజైనా, పండుగైనా, పెద్దకర్మైనా కూడలిలో ఫ్లెక్సీ లేవాలి. దానిమీద స్థానిక నాయకుడికి సింహం బొమ్మ, వెనక మంటలు, కింద సినిమా సంభాషణ, అడుగున తపాలాబిళ్లంత ఫోటోల్లో చందా ఇచ్చిన మిత్రబృందం. 2022 ఆగస్టులో ప్లాస్టిక్ ఫ్లెక్సీల నిషేధాన్ని ఆనాటి ప్రభుత్వం ప్రకటించింది. పోస్టర్లకు గుడ్డ వాడాలన్నారు. బట్టమీదనైనా సింహం సింహమే కదా! మనపై ఎవరో వేసిన ముద్రను మనమే డబ్బు పెట్టి అచ్చు వేయించుకుని, మన కూడలిలో మనమే కట్టుకుంటున్నప్పుడు హైదరాబాదు ఇంటి యజమానిని నిందించి ఏం లాభం?

పదకొండు రూపాయల పింఛను

సినిమా మన చరిత్ర వైపు చూసిన సందర్భం ఒకటుంది. 2019 అక్టోబరు 2న విడుదలైన 'సైరా నరసింహారెడ్డి' కథానాయకుడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి ఇక్కడివాడే. ప్రజారాజ్యానికి ఆళ్లగడ్డ సీటు దక్కిన పదేళ్లకు చిరంజీవి ఆ పాత్ర ధరించారు. యుద్ధ సన్నివేశాలను జార్జియా దేశంలో తీశారు. భారీ కోటలు, వేల సైన్యం, అమితాబ్ బచ్చన్ గురువు వేషం, కన్నుల పండుగే.

అసలు చరిత్రకు అంత అలంకారం లేదు. కుంపిణీవారు ఆయన వంశానికి ఇచ్చే పింఛనులో నరసింహారెడ్డి వాటా నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. కట్టుబడి ఇనాములు పోగొట్టుకుని పొట్టకూటికి అల్లాడిన గ్రామసేవకులు ఆయన వెంట నడిచారు. 1846లో కోవెలకుంట్ల ఖజానాపై పడ్డారు. ఆ అక్టోబరులో ఆయన పట్టుబడ్డారు. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో బహిరంగంగా ఉరితీశారు. తలను 1877 దాకా కోట బురుజుకు వేలాడదీసే ఉంచారు. ఓర్వకల్లు విమానాశ్రయానికి 2021లో ఆయన పేరు పెట్టారు.

అణాలూ పైసలతో సహా ఉన్న ఆ పింఛను అంకె తెరమీద పడే ఏ కోటకంటే బలమైనది. అంతకాలం ఆ కథను బతికించింది పల్లెల్లో పాటలు పాడుకున్నవారు. ఆయనకు ఫోటో లేదు. ఆ కాలంలో ఈ పల్లెల్లో ఫోటో తీసేవారెవరు? ఆళ్లగడ్డలో రోడ్డు పక్కన తరతరాలుగా రాతిని చెక్కుతున్న శిల్పులున్నారు. దేవుళ్లనూ నాయకులనూ చెక్కి ఊరూరికీ పంపుతున్న చేతులవి. ఉలి చప్పుడు పొద్దున మొదలైతే చీకటిపడేదాకా వినిపిస్తుంది. నరసింహారెడ్డి విగ్రహం కావాలని ఎవరైనా ఇప్పుడు వారి దగ్గరకు వస్తే, రాతిలో ఏ ముఖం తీయాలి?