చెట్టు వయసు చెక్కడం వయసు కాదు
పాత చెక్కబొమ్మ అసలుదో నకిలీదో తేల్చడం పెద్ద చదువుల వాళ్ల పనేనంటారు. నేనొప్పుకోను.

జర్మనీలో 1500 ప్రాంతంలో రీమెన్‌ష్నైడర్ లాంటి శిల్పులు లిండెన్ చెక్కలో బొమ్మలు చెక్కారు. నకిలీలు చేసేవాడు పాత చెక్కే తెచ్చి చెక్కితే? ప్రయోగశాల చెట్టు వయసు చెబుతుంది, ఉలి పడిన రోజు చెప్పదు.

పురుగు చెబుతుంది. అది బొమ్మలోంచి బయటికొస్తే పైన చిన్న గుండ్రటి రంధ్రమే మిగులుతుంది. పురుగు తిన్నాక చెక్కితే లోపలి దారులు తెగి, కాలువల్లా పైకి తేలతాయి. అలా కనబడితే అనుమానించాల్సిందే.

పురుగు దారి అక్కడైనా ఇక్కడైనా ఒకటే. బాడిస పట్టిన మన పెద్దలకు ఇది కొత్త కాదు. చెక్కనెరిగిన కన్నూ శాస్త్రమే. ఉపాధ్యాయ మిత్రులారా, ఆ పెద్దల్ని బడికి పిలవండి. తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, మన బొమ్మల మీద తీర్పు చెప్పేచోట మనమూ కూర్చోవాలి!