దాహం తీరవలెను, చెత్త మిగలరాదు

దాహంతో వచ్చిన వానికి నీరిచ్చుట మన పెద్దల దృష్టిలో గొప్ప ధర్మం. వేసవి రాగానే కూడలిలో తాటాకు పందిరి, ఇసుక మీద కుండలు, దోసిలి పట్టిన బాటసారికి ముంతతో నీరు పోసే మనిషి కనిపించేవారు. అదే చలివేంద్రం. దోసిట పోసిన నీటికి ఎంగిలి లేదు, పారవేయవలసిన వస్తువు అసలే లేదు. నేడు అనేక చలివేంద్రాల చుట్టూ నీళ్ళ ప్యాకెట్ల ఖాళీ సంచులు గుట్టలుగా పడి ఉంటున్నాయి. దాహం తీరుటకు ఒక్క నిమిషం చాలు. ఆ సంచి మాత్రం మురుగు కాలువలో ఏండ్ల తరబడి మిగులుతుంది. ఈ అలవాటు ఇప్పుడు వీధి దాటి మన వంటింటిలోనికి, పెండ్లి పందిటిలోనికి వచ్చినది. దీనిపై ఒక వైద్యునిగా నా అభిప్రాయాన్ని పాఠకుల ముందుంచుతున్నాను.

సుశ్రుత సంహిత సూత్రస్థానం 45వ అధ్యాయంలో నీటి గుణదోషాలు విపులంగా ఉన్నాయి. కలుషిత జలాన్ని తేర్చుటకు ఏడు సాధనాలను ఆచార్యుడు పేర్కొన్నాడు. మన చిల్లగింజ, వడకట్టే వస్త్రం వాటిలోనివే. చెడిన నీటిని నిప్పుపై కాచుటను, ఎండలో ఉంచుటను కూడా అక్కడే చెప్పినాడు. అయితే తేరిన నీరంతా మంచినీరని భ్రమపడరాదు. కలరా, విరేచనాలు కలిగించే క్రిములు కంటికి కనిపించవు. కావున నీరు తెర్లునట్లు కాచుట తప్పనిసరి.

కాచుటకు కూడా ఒక హద్దు కలదు. నల్లగొండ, ప్రకాశం జిల్లాల బోరు నీటిలోని ఫ్లోరైడు ఎంత కాచినా పోదు, నీరు ఇగిరిన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. పొదిలి, దర్శి ప్రాంతాల ప్రజలలో ఈ వ్యాధి 1937లోనే గుర్తింపబడినది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించిన ఫ్లోరైడు గల నీరు త్రాగరాదు. అటువంటి ఊళ్ళలో శుద్ధి చేసిన నీరే శరణ్యం. అక్కడి వారిని యంత్రం మానుమని చెప్పుట వైద్యధర్మం కాదు.

కాని మంచి నీరు వచ్చే పట్టణాలలో కూడా ప్రతి ఇంటా ఆర్.ఓ. యంత్రం దేనికి? లీటరు నీటిలో కరిగిన లవణాలు 500 మిల్లీగ్రాముల లోపు ఉన్నచోట ఈ యంత్రాలను అనుమతించరాదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లోనే ఆదేశించినది. సాధారణంగా ఈ యంత్రం మనకిచ్చే నీటికన్న కాలువకు వదిలే నీరే ఎక్కువ. ముందు మీ నీటిని పరీక్ష చేయించండి, అటు తరువాత యంత్రం మాట ఆలోచించండి. ఇప్పటికే యంత్రం ఉన్నవారు ఆ వదిలే నీటిని బకెట్టులో పట్టి ఇల్లు తుడుచుటకు వాడవలెను. అందులో లవణాలు ఎక్కువ గనుక మొక్కలకు పోయరాదు.

ఇక సీసాల సంగతి. సీసా నీరు స్వచ్ఛతకు గుర్తని మనవారి నమ్మకం. సీసాలో అమ్మే నీటి లీటరులో సగటున 2,40,000 సూక్ష్మ ప్లాస్టిక్ కణాలున్నట్లు 2024లో అమెరికా శాస్త్రజ్ఞులు ప్రకటించినారు. కాగితపు కప్పులోపల కూడా పలుచని ప్లాస్టిక్ పొర ఉంటుంది. అందులో వేడినీరు పావుగంట నిలిస్తే వేలకొలది కణాలు విడివడుతున్నట్లు ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి. పరిశోధకులు 2020లో కనుగొన్నారు. వీటి వలన దేహానికి ఎంత హాని కలుగునో శాస్త్రజ్ఞులు ఇంకా తేల్చవలసి ఉన్నది. అంతవరకు దూరంగా ఉండుటే వివేకం.

ఇంటింటా ఆచరింపదగినవి కొన్ని చెబుతాను. ఉదయం ఆ రోజుకు సరిపడు నీరే కాచి, చల్లార్చి, శుభ్రమైన కుండలో గాని స్టీలు బిందెలో గాని పోసి మూత పెట్టండి. చేయి ముంచకుండా, పొడుగు కాడ గరిటెతో తీయండి. కాచిన నీరు రాత్రి గడిచి నిలువైతే దోషకారి యని వాగ్భటుడు అష్టాంగ హృదయంలో చెప్పినాడు. మిగిలిన నీటిని మరునాడు తులసి మొక్కకు పోయండి. రాగి చెంబును చింతపండుతో తోమి వాడవచ్చును గాని, అందులో మజ్జిగను, నిమ్మరసాన్ని ఉంచరాదు. భోజన మధ్యంలో కొద్దికొద్దిగా త్రాగుట మేలు. దాహాన్ని ఆపుకొనుట రోగకారణమని చరకుడు హెచ్చరించినాడు. మూత్రపిండాల జబ్బు, గుండె జబ్బు గలవారు మాత్రం తమ వైద్యుడు చెప్పిన పరిమాణమే పాటించవలెను.

ప్రయాణానికి పూర్వం మరచెంబు వెంట ఉండేది. నేడు స్టీలు సీసా ఆ పని చేయగలదు. శుభకార్యంలో ప్రతి విస్తరి ప్రక్కన చిన్న సీసా పెట్టుట మర్యాద అనుకుంటున్నాము. పంక్తి లేచిన తరువాత చూడండి, సగం త్రాగి వదలిన సీసాలెన్నో! అడిగి అడిగి గ్లాసులో నీరు పోయుటకన్న మించిన మర్యాద ఏమున్నది?

“మాటలు బాగున్నవి గాని, ఆ గ్లాసులు కడిగేదెవరండీ?” అని గృహిణులు నన్ను అడుగుతారు. ఆ ప్రశ్న న్యాయమైనది. వాడి పారవేసే గ్లాసు మన ఇండ్లలోనికి వచ్చినది రుచి కొరకు కాదు, కడిగే శ్రమ తప్పుటకు. ఆ శ్రమ అంతా ఒక్క ఇల్లాలి మీదనో, పనిమనిషి మీదనో వేసి, చెత్త తగ్గించుమని ఆమెకే బోధించుట అన్యాయం. త్రాగినవారు తమ గ్లాసు తామే కడిగి బోర్లించవలెను. ఇంటి యజమాని మొదలుకొని బడికి పోయే పిల్లవాని వరకు అందరిదీ ఇదే నియమం కావలెను. ఈ ఒక్క నియమం నిలిచిన ఇంట కుండ నిలుస్తుంది. సీసాలకు, కప్పులకు అక్కడ పని ఉండదు.