వాకిట్లో బేరం పరువు తక్కువా?

"ఇంట్లో సామాన్లు అమ్ముకుంటున్నారటగా... అంత కష్టమేమొచ్చిందే?"

నరసరావుపేటలో మాకు తెలిసిన ఒక ఇల్లాలికి ఆ మధ్య దూరపు బంధువు ఒకావిడ ఫోన్ చేసి అడిగిన మొదటి మాట ఇది. నిజానికి కష్టమేమీ రాలేదు. భర్త రిటైరయ్యారు. హైదరాబాద్‌లో కొడుకు దగ్గరికి వెళ్ళిపోతున్నారు. ముప్పై ఏళ్ళు కాపురం చేసిన ఇల్లు ఖాళీ చేయాలి. అక్కడ ఉన్నదేమో రెండు పడగ్గదుల ఫ్లాటు. ఇక్కడేమో పందిరి మంచం, రెండు బీరువాలు, కూలరు, టేబుల్ గ్రైండరు, కుట్టు మిషను, పిల్లల సైకిలు, అటక మీద అరడజను ఇత్తడి గుండిగలు. అన్నీ మోసుకెళ్ళలేరు. ఊరికే పారేయడానికి మనసొప్పదు. అందుకని ఒక ఆదివారం వరండాలో అన్నీ పెట్టి, ధరల చీటీలు అంటించి అమ్మేశారు. ఆ ఆలోచన ఆమెకు అమెరికాలో కూతురింటికి వెళ్ళినప్పుడు వచ్చింది.

అక్కడ దీన్ని గరాజ్ సేల్ అంటారు. కారు పెట్టుకునే షెడ్డులోనో, ఇంటి ముందు పచ్చికలోనో పాత సామాను పరిచి, వీధి మలుపులో అట్టముక్క మీద బాణం గుర్తు గీసి పెడతారు. డాక్టర్లూ ఇంజనీర్లూ కూడా పావలా డాలరుకి చెంచాలు అమ్ముతారు, కొంటారు. 1987లో మొదలైన ఒక అమ్మకం అయితే ఇప్పుడు ఏటా ఆగస్టులో నాలుగు రోజులు, మిషిగన్ నుంచి అలబామా దాకా, రోడ్డు పొడుగునా సుమారు 690 మైళ్ళు సాగుతుంది. నెదర్లాండ్స్‌లో రాజుగారి పుట్టినరోజున, అంటే ఏప్రిల్ 27న, పిల్లలు కూడా వీధుల్లో దుప్పటి పరుచుకుని తమ పాత బొమ్మలు అమ్ముకుంటారు. ఎవరూ "అయ్యో పాపం" అనరు.

మరి మనకెందుకు అంత నామోషీ? కారణం లేకపోలేదు. పల్నాడులో వాన మొహం చాటేసిన ఏడు, పత్తికి పురుగు పట్టిన ఏడు, మిరప ధర పడిపోయిన ఏడు ముందుగా గడప దాటేవి వంటింటి ఇత్తడీ, ఆడవాళ్ళ ఒంటి మీది బంగారమే. "ఆఖరికి బిందెలు కూడా అమ్ముకున్నారు" అనే మాట మన ఊళ్ళల్లో ఒక కుటుంబం చితికిపోయిందని చెప్పడానికి వాడే మాట. ఆ జ్ఞాపకం అంత తేలిగ్గా పోదు. కానీ అవసరం తీరిన వస్తువును అమ్మడం వేరు, గతిలేక అమ్ముకోవడం వేరు. ఈ తేడా మనకి మనం తెలుసుకుంటే, ఫోన్ చేసిన బంధువుకి జవాబు చెప్పడం కష్టమేం కాదు.

అయితే చీటీలు అంటించే ముందు తేల్చుకోవలసిన సంగతి ఒకటుంది. ఆ వస్తువు ఎవరిది?

నవ్వకండి. చాలా ఇళ్ళల్లో ఇక్కడే తగాదాలొస్తాయి. అటక మీది గుండిగ అత్తగారు తెచ్చుకున్నది కావచ్చు. బీరువా కోడలికి పుట్టింటివాళ్ళు సారెతో పంపింది కావచ్చు. "ఇంట్లో ఉన్నదంతా ఇంటిదేగా" అని మగవాళ్ళు తేల్చేస్తారు. చట్టం అలా అనదు. పెళ్ళిలో ఆడపిల్లకి ఇచ్చిన నగలూ సామానూ ఆమె సొంతమేనని సుప్రీంకోర్టు 1985లోనే స్పష్టంగా చెప్పింది. 2024 ఆగస్టులో తెలంగాణ నుంచి వెళ్ళిన ఒక కేసులో, కూతురు బతికుండగా ఆమె అనుమతి లేకుండా ఆమె స్త్రీధనాన్ని తిరిగిమ్మని అడిగే హక్కు కన్నతండ్రికి కూడా లేదని చెప్పింది. కన్నతండ్రికే లేనప్పుడు, అడక్కుండా కోడలి బీరువా అమ్మేసే హక్కు అత్తమామలకెక్కడిది? కాబట్టి ముందు అడగండి. అత్తగారినీ అడగండి. "నాకెందుకమ్మా, అమ్మేయ్" అని వాళ్ళే అంటారు చాలాసార్లు. ఆ ఒక్క మాట అడగలేదనే కోపం మాత్రం పదేళ్ళుంటుంది.

అమ్మడానికి వీల్లేనివి కూడా కొన్నున్నాయి. గ్యాస్ సిలిండరు మనది కాదు, కంపెనీది. మనం కట్టింది డిపాజిట్టే. దాన్ని ఏజెన్సీకి అప్పగించి డబ్బు వెనక్కి తీసుకోవాలి గానీ, పక్కింటివాళ్ళకి అమ్మకూడదు. స్కూటరు అమ్మితే డబ్బు తీసుకుని తాళాలిచ్చేయడంతో పని అయిపోదు. ఆర్సీ కొన్నవాళ్ళ పేరు మీదికి మారేదాకా మీరు వదలకూడదు. రేపు దానితో ఏ ప్రమాదం జరిగినా పోలీసులు ముందు మీ గుమ్మమే ఎక్కుతారు. పాత సెల్‌ఫోనులోని ఫొటోలూ నంబర్లూ పూర్తిగా చెరిపేశాకే చేతులు మారాలి.

ఇక ధర. మొదటిసారి అమ్మేవాళ్ళందరూ చేసే పొరపాటు కొన్న ధరను పట్టుకుని వేలాడటం. "పన్నెండు వేలు పెట్టి కొన్నామండీ" అంటే వచ్చినవాళ్ళకేం? ఈ రోజు కొత్తది ఎంతకొస్తుందో బజార్లో కనుక్కోండి. ఆ తర్వాత మిమ్మల్ని మీరే ఒక ప్రశ్న వేసుకోండి: "ఈ స్థితిలో ఉన్న ఈ వస్తువును నేనైతే ఎంతకు కొంటాను?" వచ్చే జవాబే సిసలైన ధర. ప్రతి వస్తువుకీ ఒక నోటుపుస్తకంలో రెండు అంకెలు రాసుకోండి. ఒకటి చీటీ మీద పెట్టేది. రెండోది, దానికంటే కిందికి దిగకూడదని మీకు మాత్రమే తెలిసేది.

ఇత్తడి, రాగి విషయంలో ఇంకాస్త జాగ్రత్త. పాత సామాను కొనేవాళ్ళు తూకం వేయకముందే మీ ఇంట్లో తూకం వేసుకోండి. పాత ఇత్తడి కిలో ఎంతకు తీసుకుంటున్నారో రెండు పాత్రల దుకాణాల్లో అడగండి. తరుగెంత తీస్తారో కూడా అడగండి. "పాత పట్టుచీరలు కొంటాం" అంటూ వీధిలో తిరిగేవాళ్ళు చీర కోసం రారు, జరీ కోసం వస్తారు. పాతకాలపు అసలు జరీలో వెండి ఉంటుంది. అమ్మమ్మ చీరను స్టీలు గిన్నెకి మార్చుకునే ముందు ఒక్కరోజు ఆగి, తెలిసినవాళ్ళకి చూపించండి.

ఇప్పుడు అసలు ఘట్టానికొద్దాం. బేరాలు!

నరసరావుపేట ఇల్లాలు అమ్మకం తొమ్మిదింటికని చెబితే ఆరున్నరకే గేటు చప్పుడైంది. సెకండ్‌హ్యాండ్ సామాను వ్యాపారి. "మొత్తం ఒకే రేటుకి ఇచ్చేయండమ్మా, మీకీ తలనొప్పి వదిలిపోతుంది" అన్నాడు. తొందరపడి తలూపితే మంచి వస్తువులు కూడా చెత్త ధరకే పోతాయి. ఆమె "సాయంత్రం రండి, మిగిలినవి మాట్లాడదాం" అంది. అది మంచి పని. సాయంత్రానికి ఏం మిగిలాయో, వాటి మీద ఎంత ఆశ పెట్టుకోవచ్చో మనకూ తెలుస్తుంది.

తర్వాత వచ్చినవాళ్ళల్లో ఒకాయన రెండున్నర వేల కూలరును ఆరొందలకు అడిగాడు. ఒకావిడ బోణీ బేరమంటూ సగం తగ్గించమంది. ఇంకొకావిడ మిక్సీ కొని, కొసరుగా పక్కనున్న స్టీలు క్యారేజీ సంచిలో వేసుకోబోయింది. ఇలాంటివాళ్ళతో వాదించక్కర్లేదు. "గిట్టదమ్మా" అని నవ్వుతూ ఒక్కమాట చాలు. ఎందుకు గిట్టదో వివరించారో, మీరు దొరికిపోయినట్టే. మన కారణం ఒక్కొక్కదానికీ అవతల ఒక జవాబు తయారుగా ఉంటుంది.

అన్నింటికంటే కష్టమైన బేరం తెలిసినవాళ్ళది. "మనలో మనకి డబ్బులేంటి వదినా!" అని పక్కింటావిడ మడత మంచం మీద చెయ్యేసింది. ఇవ్వాలని ఉంటే నిండు మనసుతో ఊరికే ఇచ్చేయండి. అమ్మాలని ఉంటే ధర చెప్పండి. రెంటికీ మధ్యన, ఇష్టం లేకుండా ఇచ్చి తర్వాత నెలల తరబడి సాధించుకోవడం మాత్రం వద్దు. ఎవరికేది ఊరికే ఇవ్వాలో ముందురోజే తేల్చుకుని, ఆ వస్తువులు వరండాలోకి తేకుండా ఉండటం మంచిది. ఏళ్ళ తరబడి ఇంట్లో పనిచేసిన మనిషికి అందరికంటే ముందు అడిగే అవకాశమివ్వండి. ఆమె నలుగురిలో బేరమాడాల్సిన అవసరం రాకూడదు.

ఇంతవరకూ బాగానే నెట్టుకొచ్చిన ఆ ఇల్లాలికి ఒకచోట మాత్రం దెబ్బ తగిలింది. కుట్టు మిషనుకు మూడు వేలని చీటీ పెట్టింది. పక్క వీధిలో అద్దెకుంటున్న ఒక అమ్మాయి వచ్చి, చక్రం తిప్పి చూసి, "పదిహేను వందలకిస్తారా ఆంటీ?" అంది. పొద్దుటి నుంచీ సగానికి సగం అడిగేవాళ్ళతో విసిగిపోయి ఉందేమో, ఆమెకి ఒళ్ళు మండింది. "ఇష్టముంటే కొను, లేకపోతే లేదు. నా మిషనంటే అంత చులకనా?" అనేసింది. ఆ అమ్మాయి మొహం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయింది. సాయంత్రం వ్యాపారి వచ్చి మిగిలిన వాటితోపాటు మిషను కూడా పద్దెనిమిది వందలకు ఎత్తుకెళ్ళాడు. దీపాలు పెట్టే వేళకి ఆ అమ్మాయి మళ్ళీ వచ్చింది. చేతిలో రెండు వేల రెండొందలు. జాకెట్లు కుట్టి నాలుగు రూపాయలు సంపాదించుకుందామని, ఎవరి దగ్గరో సర్దుకుని తెచ్చుకుంది.

నోటుపుస్తకంలో మిషనుకి ఆమె రాసుకున్న రెండో అంకె రెండు వేలు! ఆ మాట నోటితో చెప్పి ఉంటే చాలు. "పదిహేను వందలకు రాదమ్మా, రెండు వేల రెండొందలైతే ఇస్తాను, సాయంత్రం దాకా ఉంచుతాను" అంటే సరిపోయేది. నష్టం నాలుగొందలే. కానీ ఆ రోజు అమ్మిన వస్తువులన్నీ మరిచిపోయినా ఆ ఒక్కటీ మరవలేనని ఇప్పటికీ అంటుంది.

మనం గ్రహించాల్సింది ఇక్కడే ఉంది. ధర తగ్గించమని అడగడం మనల్ని అవమానించడం కాదు. వస్తువు మీద మనకున్న మమకారం అవతలి మనిషికి కనిపించదు. వాళ్ళకి కనిపించేది తమ పర్సే. తక్కువ అడిగిన ప్రతి మనిషీ మనల్ని ముంచాలని రాలేదు. కొందరికి నిజంగానే అంతకు మించి లేదు. ఎవరు ఎలాంటివాళ్ళో మొహం చూసి చెప్పలేం. అందుకే కోపం పక్కనపెట్టి, మన అంకె మనం చెప్పి, వాళ్ళ జవాబు కోసం ఆగాలి. వస్తువు కావాలనుకున్నవాళ్ళ ఫోన్ నంబరు రాసుకోవాలి.

ఇంకో మాట. కోటప్పకొండ తిరనాళ్ళలో గాజుల దగ్గర, వీధిలో ఆకుకూరల గంప దగ్గర బేరమాడటంలో మనల్ని మించినవాళ్ళు లేరు. పెద్ద షోరూముల్లో చీటీ మీద ఎంతుంటే అంత మాట్లాడకుండా కట్టి వస్తాం. 1999లో రైతు బజార్లు మొదలైనప్పుడు ధరలు బోర్డు మీద రాసి పెడితే, "హమ్మయ్య, గొడవ లేదు" అనుకున్న మనమే, బయట గంప ముందు కూర్చున్న ముసలమ్మ దగ్గర మాత్రం రెండు రూపాయల దగ్గర పట్టుబడతాం. ఒక్కరోజు వరండాలో అమ్మేవాళ్ళ పక్కన కూర్చుంటే, "సగానికిస్తావా?" అన్న మాట ఎక్కడ తగులుతుందో అర్థమవుతుంది. బేరమాడటం మానమని కాదు. మన వరండాలో మనమేం ఆశించామో, ఆ గంప దగ్గర కూడా గుర్తు తెచ్చుకోమని.

జాగ్రత్తలు కూడా మరవొద్దు. ఒంటరిగా ఉన్నప్పుడు అమ్మకం పెట్టకండి. కొనేవాళ్ళని వరండా దాటి లోపలికి రానివ్వకండి. చిల్లర దగ్గరుంచుకోండి. ఫోనులో డబ్బు వేశామని అవతలివాళ్ళు వాళ్ళ తెర చూపిస్తే నమ్మకండి. మీ ఖాతాలో పడిందో లేదో మీరే చూసుకోండి. డబ్బు పుచ్చుకోవడానికి మనం ఎక్కడా పిన్ నంబరు కొట్టక్కర్లేదు. కొట్టమన్నారంటే అది మోసమే.

చివరిగా, సాయంత్రం లెక్క తేలాక ఆ డబ్బు ఎవరి చేతికి? వస్తువు ఎవరిదో డబ్బూ వాళ్ళదే. అత్తగారి గుండిగల డబ్బు అత్తగారి చేతిలో పెట్టండి. మీ మిషను డబ్బు మీ దగ్గరే ఉంచుకోండి. "ఇంటి ఖర్చుల్లో కలిపేద్దాంలే" అని ఎవరైనా అంటే, పొద్దున బేరగాళ్ళతో అన్నమాటే నవ్వుతూ ఇంకోసారి అనండి.

"గిట్టదండీ!"