ఫోనులోని గ్రంథము: ఏ పాఠము?

కోనసీమలో బైబిలునకును భారతమునకును నేడు ఒకే పీఠము దొరకినది. అది ఫోను. అమలాపురమున ఆదివారపు ఆరాధనలో వచనము తీయుటకును, మరునాడు కొత్తపేట పాఠశాలలో పద్యము వెదకుటకును చేయి దానిమీదికే పోవుచున్నది. ఈ సౌకర్యము అల్పమైనది కాదు. బౌడెన్, బీర్ అను మిషనరీలు 1836లో ఈ దేశమునకు వచ్చి, సఖినేటిపల్లి రేవునకు ఆవలనున్న నరసాపురమున స్థిరపడునాటికి సమగ్రమైన తెలుగు బైబిలు అచ్చుకానేలేదు. కొత్త నిబంధన 1818లో వెలువడినది. సంపూర్ణ గ్రంథమునకు 1854 వరకు వేచియుండవలసివచ్చెను. ఇప్పుడది నిమిషములో ఫోనులోనికి దిగుచున్నది.

అయితే యాప్‌ను ఎన్నుకొనువారు అక్షరముల పరిమాణమును, రంగును, ఉచితమా కాదా అనుదానిని చూచి తృప్తిపడుచున్నారు. మొదట అడుగవలసిన ప్రశ్న వేరు: ఇందులోని పాఠము ఎవరిది, ఏ ముద్రణమునుండి వచ్చినది?

ఈ విషయమున బైబిలు పాఠకుడు అదృష్టవంతుడు. 2008లో ప్రారంభమైన యూవర్షన్ వంటి యాప్‌లు ఏ అనువాదమో పేరుతో చెప్పును. పాత అనువాదమును, 2019 నాటి ఇండియన్ రివైజ్డ్ వెర్షన్‌ను పక్కపక్కన చదివిన విద్యార్థికి తెలుగు వచనము ఎట్లు మారినదో ఉపాధ్యాయుడు వేరుగా బోధింప నక్కరలేదు. పైగా అధ్యాయము, వచనసంఖ్య చెప్పినచో రాజోలులోని ముద్రిత ప్రతిలోను, హైదరాబాదులోని ఫోనులోను ఒకే చోటు దొరకును.

మన కావ్యములకును ఇట్టి చిరునామా లేకపోలేదు. పర్వము, ఆశ్వాసము, పద్యసంఖ్య అను క్రమము ఉన్నదే. నన్నయకు భారతరచనలో తోడ్పడిన నారాయణభట్టునకు రాజరాజనరేంద్రుడు 1053లో అగ్రహారముగా నిచ్చిన నందంపూడి కోనసీమలోని ఊరే. ఆ ఊరి బాలుడు నేడు సంఖ్యలేని పద్యమును, కర్త పేరులేని పుటను చదువవలసివచ్చుట విచారకరము కాదా? కన్యాశుల్కము మాటకు వచ్చినచో, 1897 నాటి ప్రతికిని 1909 నాటి ప్రతికిని ఎంతో భేదమున్నది. ఏది ఇచ్చినారో చెప్పని యాప్ నాటకమును సగమే చెప్పినట్లు.

పాఠశుద్ధి ఇంకను ముఖ్యము. పాత పుటలను యంత్రముచేత చదివించి, మనిషి కన్ను పడకుండ వదలినచో అరసున్నలు రాలిపోవును, శకటరేఫము సాధురేఫమగును. ‘ఏఁడు’ సంవత్సరము, ‘ఏడు’ సంఖ్య. దీర్ఘ మొకటి జారినచో గురువు లఘువై గణము చెడును. గణవిభజన చేయబోయిన విద్యార్థి తప్పు తనదేనని సిగ్గుపడును. కనుక ఉపాధ్యాయులు యాప్‌ను సిఫారసు చేయుటకు ముందు తమకు కంఠస్థమైన పది పద్యములను అందులో తెరచి చూచుట మేలు. తెలుగు వికీసోర్సు యాప్ కాకపోయినను ఫోనులో తెరచుకొనును. టైపుచేసిన పాఠముతోపాటు మూలపుటయొక్క చిత్రమును చూపును. అనుమానము కలిగినప్పుడు దానితో సరిచూచుకొనవచ్చును. ఆ ఒక్క గుణమునకై ఎన్ని అలంకారములనైనను వదులుకొనవచ్చును.

లంకగ్రామములకు వరద వచ్చినప్పుడు నెట్‌వర్కును నమ్ముటకు వీలులేదు. గ్రంథము పూర్తిగా ఫోనులో నిలుచునట్టి యాప్ కావలెను. చదువుటకు మాత్రమే వచ్చిన యాప్ ఇంటివారి ఫోను నంబర్లన్నియు చూడగోరినచో దానిని తీసివేయుటే తగును.

ఇక హక్కుల మాట. మన చట్టము ప్రకారము రచయిత మరణించిన పిమ్మట అరువది సంవత్సరములు గడువు. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి 1961లో మరణించినారు; 2022 నుండి ఆయన కథలను ఎవరైనను ప్రచురింపవచ్చును. మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్న 2005లో మరణించినారు. ఆయన రచనల హక్కు 2065 చివరివరకు ఉండును. ‘గుడిసెలు కాలిపోతున్నై’ కావ్యమును ఏ యాప్ అయినను ఉచితముగా చూపినచో, ఎవరి అనుమతితో అని కోనసీమ విద్యార్థి అడుగవచ్చును.