చివరి సూదులు తీసిందెవరు?

కొంతకాలంగా మన సంస్థల్లో సృజనాత్మక రచనా శిబిరాలు పెరిగాయి. కుట్టు మిషను, కంప్యూటరు అయ్యాక ఇప్పుడు కథ వంతు వచ్చింది. మంచిదే. పాతబస్తీ ఆడపిల్లల చేతికి కలం రావడాన్ని మనలో ఎవరం కాదంటాం? అయితే ఆ కలంతో ఎవరి కథ రాయాలో, ఏ కథ రాయనక్కర్లేదో ఎవరు నిర్ణయిస్తున్నారు? ఈ ప్రశ్న అడగకుండా శిబిరాల సంఖ్య లెక్కపెట్టుకోవడం మీద నాకు అభ్యంతరం ఉంది.

విషయం ఇది. పాతబస్తీలో ఒక సంస్థ డిగ్రీ చదివే అమ్మాయిలకు రచనా శిక్షణ పెట్టింది. వచ్చినవాళ్ళలో ఒకమ్మాయి సిద్దీ కుటుంబానికి చెందినది. జానపద కథను తిరగరాసే అభ్యాసం వచ్చినప్పుడు మిగతా అందరినీ ఇంట్లో విన్న కథ రాయమన్నారు. ఈ అమ్మాయి చేతిలో మాత్రం ఇంగ్లీషులో ఉన్న ఆఫ్రికా జానపద కథల పుస్తకం పెట్టి, "ఇది మీ వారసత్వం, ఇందులోంచి ఒకటి తీసుకో" అన్నారు. ఆమె అనాన్సీ అనే సాలీడు కథ తీసుకుని బాగానే రాసింది. సంస్థ వేసిన సంకలనంలో అది ఆమె ఫోటోతో సహా వచ్చింది. ఎవరూ అడక్కుండా తనంతట తాను దక్కనీలో రాసిన ఇంకో కథ, వాళ్ళ నానీమా చెప్పింది, "ఇందులో ఆఫ్రికా ఏముంది?" అన్న ఒక్క మాటతో పక్కకు పోయింది.

ఆ మాట అన్నవాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. మనలాంటి వాళ్ళే. అందుకే దీన్ని ఇంత వివరంగా మాట్లాడుకోవాలి.

అనాన్సీ ఘనాలోని అకాన్ ప్రజల కథల్లో ఉండే సాలీడు. పశ్చిమాఫ్రికా నుంచి బానిస ఓడల్లో అట్లాంటిక్ దాటి జమైకా చేరాడు. దక్కనుకు వచ్చిన హబ్షీల దారి వేరు. వాళ్ళు తూర్పున ఇథియోపియా నుంచి, జాంజిబార్ తీరం నుంచి అరేబియా సముద్రం మీదుగా వచ్చారు. రెంటికీ మధ్య ఒక ఖండం వెడల్పు ఉంది. మచిలీపట్నం అమ్మాయికి కశ్మీరు కథ ఇచ్చి "ఇది మీ అమ్మమ్మది" అన్నా ఇంతకన్నా నయం, కనీసం దూరం తగ్గుతుంది. యాభైకి పైగా దేశాలు, లెక్కకు మిక్కిలి భాషలు ఉన్న ఖండాన్ని ఒక పుస్తకంలో కుదించి, ఒంటి రంగు చూసి పంచిపెట్టడాన్ని వారసత్వం అనవచ్చునా?

అసలు చరిత్ర మన కాళ్ళ కింద ఉంది. ఇథియోపియాలో పుట్టి, పిల్లవాడిగా అమ్ముడై, చేతులు మారి, చివరకు అహ్మద్‌నగర్ రాజ్యాన్నే నడిపి మొగలాయీలను ముప్పుతిప్పలు పెట్టిన మాలిక్ అంబర్ 1626లో చనిపోయాడు. మాలిక్ అంబర్ అన్నది కూడా తల్లి పెట్టిన పేరు కాదు. హైదరాబాదులో సిద్దీ అంబర్ బజారు ఉంది, హబ్సిగూడ ఉంది. ఏసీ గార్డ్స్ అంటే ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అని ఆ స్టాపులో బస్సు దిగే ఎంతమందికి తెలుసు? వనపర్తి సంస్థానం నుంచి నిజాంకు చేరిన ఆశ్వికదళం అది. 1948 పోలీసు చర్య తర్వాత నిజాం సైన్యంతో పాటు అదీ పోయింది, మనుషులు మిగిలారు. ఇథియోపియా నుంచి వచ్చిన అబాబు మిండా యిమెనె ఈ నగరపు సిద్దీల మీద పరిశోధన చేసి 2004లో పుస్తకం తెచ్చాడు. 2007లో ఆనాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బీసీ-ఇ జాబితాలో సిద్దీ, హబ్షీ పేర్లు చేర్చింది. కర్ణాటకలో ఉత్తర కన్నడ సిద్దీలు 2003లో షెడ్యూల్డు తెగ అయ్యారు. ఒకే సముద్రం దాటి వచ్చినవాళ్ళు, ఏ రాష్ట్రంలో దిగారన్నదాన్ని బట్టి సర్టిఫికెట్టు మారింది.

ఈ చరిత్రలో గుర్రాలున్నాయి, కత్తులున్నాయి, పెళ్ళి ఊరేగింపుల్లో మోగే మర్ఫా ఉంది. మర్ఫా వీధిలో మగవాళ్ళు వాయించేది కనుక దాన్ని వీడియో తీయడానికి వచ్చేవాళ్ళకు కొదవ లేదు. అదే పెళ్ళిలో లోపలి గదిలో ఆడవాళ్ళు పాడుకునే ఢోలక్ కే గీత్ దగ్గరకు ఏ కెమెరా పోతుంది? పూర్వం బీజాపూరు వైపు ఆడవాళ్ళు తిరగలి విసురుతూ పాడుకున్న దక్కనీ చక్కీనామాలు పుస్తకాలకెక్కినప్పుడు సూఫీ గురువుల పేర్లు మిగిలాయి. విసిరిన చేతులకు పేర్లు లేవు. కథల విషయంలోనూ అంతే.

ఇప్పుడు పక్కన పడేసిన కథ సంగతి. నేను అమ్మాయి రాసింది చదివాను, తర్వాత నానీమా నోట విన్నాను కూడా. మూలం చాలామందికి తెలిసిందే. పాడుబడ్డ మహలులో ఒక షెహజాదా శవంలా పడి ఉంటాడు, ఒళ్ళంతా సూదులు. ఒక షెహజాదీ తిండీ నిద్రా మాని రోజుల తరబడి ఒక్కొక్క సూదీ తీస్తుంది. తోడుకోసం చేతి కంకణం ఇచ్చి ఒక బాందీని కొంటుంది. కళ్ళలో రెండు సూదులు మిగిలి ఉండగా షెహజాదీ స్నానానికి పోతుంది. బాందీ ఆ రెండూ తీసేస్తుంది. షెహజాదా కళ్ళు తెరిచి, తనను బతికించింది ఈమే అనుకుని పెళ్ళి చేసుకుంటాడు. షెహజాదీ పనిమనిషి అవుతుంది. చివరకు నిజం బయటపడుతుంది, బాందీకి శిక్ష పడుతుంది, కథ కంచికి. 1880లో వచ్చిన మేవ్ స్టోక్స్ సంకలనంలో దీనికి ఒక రూపం ఉంది. ఇటలీలో పదిహేడో శతాబ్దపు బసీలే కథల పుస్తకం మొదలయ్యేదే ఇలాంటి కథతో. అక్కడ సూదులకు బదులు కన్నీటితో నింపవలసిన కుండ. చివరి కొన్ని చుక్కలు నింపి రాజకుమారుణ్ణి దక్కించుకున్నది నల్ల బానిస స్త్రీ. ఆమె గర్భవతి. ఆమెను మెడ వరకు మట్టిలో పాతి చంపుతారు. పిల్లలకు చెప్పే కథలు!

అంటే దొంగ పెళ్ళికూతురుగా చావడానికి ఒక నల్ల బాందీ దొరకడం కథల లోకంలో పాత ఏర్పాటు. ఆ బాందీల మనవరాళ్ళు అదే కథను తమ పిల్లలకు ఎలా చెప్పుకుంటారు?

నానీమా షెహజాదీ దగ్గర మొదలుపెట్టదు, బజారులో మొదలుపెడుతుంది. షెహజాదీకి పేరు లేదు, బాందీకి ఉంది. చమేలీ. "అది కొన్నవాళ్ళు పెట్టిన పేరు. అమ్మ పెట్టింది ఆమె ఎవ్వరికీ చెప్పదు," అంటుంది. చమేలీ దాహమంటే నీళ్ళు ఎవరిచ్చారో, బేరం ఎంతసేపు సాగిందో, కంకణం బరువెంతో అన్నీ చెబుతుంది. సూదులు తీసే భాగం రెండు ముక్కల్లో అయిపోతుంది. నిజం బయటపడే చోట షెహజాదా కోపంతో నిలదీస్తే చమేలీ భయపడదు. "ఒంటి మీదివి ఆమె తీసింది. కళ్ళలోవి నేను తీశాను. ఇందులో అబద్ధమేది?" అని, కంకణం షెహజాదీ ముందు పెట్టి, "ఇదిగో నా ధర" అని వెళ్ళిపోతుంది. ఎక్కడికి పోయింది నానీమా అంటే, "జానే దే" అంటుంది. కథ అక్కడితో సరి.

ఇందులో ఆఫ్రికా ఏముంది అని అడిగారట. సింహం లేదు, సాలీడు లేదు, నిజమే. ఒక ఆడపిల్లకు ధర కట్టిన బజారు ఉంది. నానీమాకు ఏ ఆఫ్రికా భాషా రాదు. ఆమెది దక్కనీ, కూరగాయల బేరానికి సరిపడా తెలుగు. ఆమె వెనకటి ఆడవాళ్ళ భాషలు, పేర్లు, ఊళ్ళు అన్నీ పోగా, ఈ గడ్డమీద దొరికిన పరాయి కథను తీసుకుని దానిలో చంపబడే మనిషి తామేనని గుర్తుపట్టి, ఆమెను బతికించుకున్నారు. తిరగరాయడం అనే విద్యను ఆరు వారాల్లో నేర్పుతామని మనం వెళ్ళిన ఇంట్లో అది ఎప్పుడో జరిగిపోయింది.

ఈ కథను మన పత్రిక కోసం తెలుగు చేద్దామనుకున్నప్పుడు బాందీ అన్న మాట దగ్గర చర్చ వచ్చింది. ఒకరు పనిమనిషి అన్నారు. కాదు, పనిమనిషికి జీతం ఉంటుంది. దొరసాని బిడ్డ అత్తారింటికి పోతూ వెంట తీసుకుపోయిన ఆడబాప మన తెలంగాణ గడీల్లో ఉంది. బి. నర్సింగరావు 1988లో తీసిన 'దాసి' చూసినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. ఆడబాప అని రాసి చదివితే కథ ఒక్కసారిగా మన ఊళ్ళోకి వచ్చి కూర్చుంది. 'ఆఫ్రికా వారసత్వం' అని విడిగా అద్దాల పెట్టెలో పెట్టి ఉంటే ఈ చుట్టరికం ఎప్పటికీ తెలిసేది కాదు.

ఆఫ్రికా రచయిత్రులు తమ జానపద కథల్ని ఏం చేశారో చూసినా శిబిరాలు నడిపేవారికి కొంత బోధపడేది. ఘనా రచయిత్రి అమా అటా అయిడూ 1970లో 'అనోవా' నాటకం ప్రచురించింది. పెద్దలు చూపిన వరులందర్నీ కాదని నచ్చినవాణ్ణి కట్టుకున్న పిల్ల పాడైపోయింది, ఇదీ ఆ ప్రాంతంలో తరతరాలుగా చెప్పే నీతికథ. మొగుడు దయ్యమనో పామనో తేలుతుంది, పెద్దల మాట నెగ్గుతుంది. అయిడూ దయ్యాన్ని తీసేసింది. ఆమె నాటకంలో మొగుడు మామూలు మనిషే, బానిసల్ని కొని వాళ్ళ కష్టంతో ధనికుడవుతాడు. అనోవా దాన్ని ఒప్పుకోదు. చివరకు ఇద్దరూ చనిపోతారు. కానీ తప్పు పిల్ల మొండితనంలో ఉందా, మనుషుల్ని కొన్న సొమ్ములో ఉందా అన్నది ప్రేక్షకుల మెడకు చుట్టుకుంటుంది. కెన్యా రచయిత్రి గ్రేస్ ఓగాట్ 'ద రెయిన్ కేమ్' కథలో వానకోసం సరస్సు భూతానికి బలి ఇవ్వబోయే నాయకుడి కూతురు ఒగాండాను ఆమె ప్రియుడు తప్పిస్తాడు. వానా పడుతుంది.

దీని పక్కన మన ముసలమ్మను పెట్టండి. బుక్కరాయసముద్రం చెరువు గండికి కోడలు బలి. 1899లో మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదువుతున్న కట్టమంచి రామలింగారెడ్డి పోటీకోసం ఆ గాథను కావ్యంగా రాసి బహుమతి గెలిచాడు. ఆయనా విద్యార్థే, చేసింది తిరగరాయడమే. 'ముసలమ్మ మరణం' ఆధునిక కవిత్వానికి ఆరంభం అని మనం పాఠాల్లో చెప్పుకుంటాం. ప్రక్రియ కొత్తదే, ఒప్పుకుంటాను. కోడలు మాత్రం పాత పద్ధతిలోనే గండిలోకి నడిచింది, అదీ ఎంతో గొప్పగా. నూట పాతికేళ్ళు దాటినా ఆ కట్టమీద నిలబడి, 'కూతుర్ని ఎందుకు అడగలేదు, కొడుకునెందుకు అడగలేదు' అని మన తరగతుల్లో అడిగేవాళ్ళు ఎందరు?

ఒక స్నేహితురాలు నాతో వాదించింది. కల్పనకు ఎల్లలుండవు, సిద్దీ పిల్ల సిద్దీ కథే రాయాలనడం ఇంకో బందిఖానా కాదా అని. ముమ్మాటికీ నిజం. ఆ అమ్మాయి అనాన్సీని రాయవచ్చు, అంతరిక్షం గురించి రాయవచ్చు. అయితే ఎల్లలు లేని కల్పన తక్కిన అమ్మాయిలకు ఇచ్చి, ఈమెకొక్కదానికే ఖండం గీసి ఇచ్చింది ఎవరు? నేను అడుగుతున్నది ఆ గీత గురించే.

ఇక పేరు, డబ్బు. 1868లో వచ్చిన 'ఓల్డ్ దక్కన్ డేస్' కథలు చెప్పింది అన్నా లిబరాటా డిసౌజా అనే ఆయా. ఆమె జీవితగాథ కూడా అందులో ఉంది, అది విశేషమే. అయినా పుస్తకం బొంబాయి గవర్నరు కూతురు మేరీ ఫ్రియర్ పేరుమీద నిలిచింది. (ఆ గవర్నరే తర్వాత బానిస వ్యాపారం మాన్పించడానికి జాంజిబార్ వెళ్ళాడు. ఇంట్లో ఆయా కథల లెక్క ఆయనకు తోచి ఉండదు.) సహవాసి అనువాదంలో 'ఏడు తరాలు'గా మనమంతా చదివిన పుస్తకం రాసిన అలెక్స్ హేలీ మీద హెరాల్డ్ కోర్లాండర్ కేసు వేశాడు, తన నవలలోంచి భాగాలు తీసుకున్నాడని. 1978లో ఆరు లక్షల యాభై వేల డాలర్లకు రాజీ కుదిరింది. నవల ఆయనదే, హక్కూ ఆయనదే. కానీ ఈ కోర్లాండర్ ఆఫ్రికా జానపద కథల సంకలనాలకు పేరుపడ్డవాడు. ఆయనకు ఆ కథలు చెప్పిన పల్లెటూరి ముసలివాళ్ళు ఏ కోర్టుకు పోగలరు?

మనకు వేరే దారి తెలియక కాదు. 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు తెలంగాణ పోరాటంలో ఉన్న స్త్రీలు తమ పేర్లతో, తమ మాటల్లో ఉన్నారు. ఈ పాతబస్తీలోనే షాహీన్ సంస్థను నడుపుతున్న జమీలా నిషాత్ దక్కనీలోనే కవిత్వం రాస్తున్నారు. దక్కనీ రచనకు పనికిరాదని ఇంకా ఎవరైనా అంటే వాళ్ళు చదవలేదని అర్థం.

కాబట్టి శిబిరాలు పెట్టేవారు కొన్ని పనులు చేయాలి. పుస్తకం ఇచ్చేముందు ఇంట్లో కథ చెప్పేదెవరో అడగండి. దక్కనీ కథను దక్కనీలోనే అచ్చువేసి, పక్కన తెలుగు ఇవ్వండి. చెప్పినామె పేరు, ఆమె ఒప్పుకుంటే, రాసినామె పేరుకు పైన వేయండి, కృతజ్ఞతల పేజీలో కాదు. కథ చెప్పడం శ్రమ అని గుర్తించి ఆమెకు డబ్బివ్వండి. నేను చూసిన ఆ శిబిరం బడ్జెట్టులో శిక్షకులకు గౌరవ వేతనం ఉంది, హాలు అద్దె ఉంది, బ్యానరు, ఫోటోగ్రాఫరు, టీ-బిస్కట్లు ఉన్నాయి. కథ చెప్పినామె పేరున పద్దు లేదు.