న్యాయ వాణిజ్యం: గుడ్డ సరే, కూలి మాటేమిటి?

ఉత్పత్తిదారునికి గిట్టుబాటు ధర దక్కిన సరుకునే కొనాలన్న ప్రచారానికి ఇంగ్లండులోని గార్‌స్టాంగ్ అనే చిన్న పట్టణం నాంది పలికింది. 2000 సంవత్సరంలో అది తనను తాను 'న్యాయ వాణిజ్య పట్టణం'గా ప్రకటించుకున్నది. దుకాణదారులు, పాఠశాలలు, చర్చీలు, స్థానిక పాలకమండలి ఇందుకు చేయి కలిపాయి. నేడు 30కి పైగా దేశాలలో 2,000కు మించిన పట్టణాలు ఆ బాట పట్టాయి.

తెలుగునాట ఈ ఉద్యమానికి దగ్గరగా ఉన్నది చేనేత ప్రచారమే. 1905 ఆగస్టు 7న కలకత్తాలో మొదలైన స్వదేశీ ఉద్యమానికి గుర్తుగా 2015 నుంచి ఆ తేదీన జాతీయ చేనేత దినోత్సవం జరుగుతున్నది. వారానికొక రోజు చేనేత వస్త్రాలు ధరించాలన్న పిలుపును పలువురు ఉద్యోగులు పాటించారు. అయినప్పటికీ, 2019-20 చేనేత గణన ప్రకారం దేశంలోని చేనేత కుటుంబాలలో దాదాపు మూడింట రెండు వంతుల నెలసరి ఆదాయం రూ. 5,000 లోపే కావడం గమనార్హం.

ఇందుకు ఒక కారణం సూరత్ నుంచి వచ్చే చౌక వస్త్రం. చేనేత నమూనాలను అచ్చు వేసిన మిల్లు చీర మగ్గం చీర ధరలో కొద్ది భాగానికే లభిస్తుంది. కొన్ని రకాల వస్త్రాలను చేనేతకే కేటాయిస్తూ 1985లో చట్టం వచ్చింది. 1993లో సుప్రీంకోర్టు దానిని సమర్థించింది. ఆచరణలో మాత్రం అనుకరణ ఆగలేదు.

అయితే సూరత్ కార్మికుని చేనేత కార్మికునికి శత్రువుగా భావించడం పొరపాటు. తెలంగాణ జిల్లాలలో మగ్గం కూడు పెట్టక వలస వెళ్లిన పద్మశాలీ కుటుంబాలు అక్కడ వేల సంఖ్యలో ఉన్నాయి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను సైతం నడుపుతున్నది. మరమగ్గాల వద్ద 12 గంటల షిఫ్టు, మీటరు లెక్కన కూలి సర్వసాధారణం. నగరానికి దక్షిణాన ఉన్న సచిన్ పారిశ్రామికవాడలో 2022 జనవరి 6న ట్యాంకరు నుంచి అక్రమంగా కాలువలోకి వదిలిన రసాయనాల విషవాయువు సోకి కనీసం ఆరుగురు మరణించారు. చౌక గుడ్డ అసలు ఖరీదు ఏమిటో ఈ దుర్ఘటన చాటింది.

ప్రస్తుత ముద్రలేవీ ఈ లోటును పూరించడం లేదు. పోచంపల్లి ఇక్కత్‌కు లభించిన భౌగోళిక గుర్తింపు వస్త్రం ఎక్కడిదో చెబుతుంది. 2006లో వచ్చిన 'హ్యాండ్‌లూమ్ మార్క్' అది చేతితో నేసినదని చెబుతుంది. నేసినవారికి ఎంత ముట్టిందో ఈ రెండూ చెప్పవు.

ఈ ఆలోచన మనకు కొత్తదేమీ కాదు. రాట్నం వడికేవారికి గంటకు ఒక అణా చొప్పున దక్కాలని గాంధీజీ వాదించగా, 1935లో అఖిల భారత చరఖా సంఘం జీవన వేతన సూత్రాన్ని ఆమోదించింది. ఖద్దరు ధర పెరిగితే ఆ భారాన్ని కొనుగోలుదారులే భరించాలన్నది ఆయన వాదన.

పట్టణాలలోని సహకార విక్రయశాలలు చీర ధరలో నూలుకెంత, రంగుకెంత, కూలికెంత అన్న వివరాన్ని చీటీపై ముద్రించడంతో ఈ పని మొదలుపెట్టవచ్చు. మిల్లు వస్త్రానికీ అదే నియమం వర్తింపజేయాలి. అంతవరకు చేనేత దినోత్సవాలు గుడ్డకు గౌరవం తెస్తాయే గాని నేతగాని కడుపు నింపజాలవు.