తీగెకు విద్యుత్తు తగిలితే

గత వార్షికోత్సవ సాధనలో మా విద్యార్థి ఒకడు ఇంటిలోని పాత బుల్‌బుల్ తరంగ్‌కు పికప్ అమర్చి, ఆంప్లిఫయరుకు తగిలించి, కవ్వాలీకి వాయించబోయాడు. "ఇది సంగీత సభ నాయనా, రేడియో మరమ్మతు దుకాణం కాదు" అని మేమే ఆపించాము. ఆ మాట తప్పని ఒప్పుకొనడానికే ఈ వ్యాసం.

మన బాపులపాడుకు చేరువలోని గుడివాడలో, 1978 త్యాగరాజ ఆరాధనోత్సవాలలో, తొమ్మిదేళ్ల బాలుడు మాండలిన్‌పై కర్ణాటక సంగీతం వినిపించాడు. 1969లో పాలకొల్లులో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ అతడే. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, శిష్యుడు ఆ పాటను తీగెలపై వెదకుకొనేవాడు. గాత్రాన్ని అనుసరించిన ఆ శిక్షణయే తరువాతి మార్పులకు మూలమని మా అభిప్రాయం.

మాండలిన్ ఐరోపా వాద్యం. నాలుగు జంటలుగా ఎనిమిది తీగెలు. మీటిన స్వరం క్షణంలో అణగిపోతుంది గనుక పాశ్చాత్యులు దానినే చకచకా మళ్లీ మళ్లీ మీటి నిలుపుతారు. గమకానికి అది చాలదు. ఒక్క మీటుకు పుట్టిన నాదం వేలు జారినంతసేపూ, ఊగినంతసేపూ బ్రతికి ఉండాలి. జంట తీగెలను సమంగా ఊపడమూ కష్టమే. శ్రీనివాస్ విద్యుత్ మాండలిన్‌ను చేపట్టి, జంటలను తొలగించి, ఐదు ఒంటి తీగెలు ఉంచుకున్నాడు. తీగె కంపనాన్ని పికప్ విద్యుత్ సంకేతంగా మార్చగా, సన్నగిల్లుతున్న నాదపు కొసను సైతం ఆంప్లిఫయరు చెవికి అందించింది. వీణకు కాంటాక్ట్ మైకును అంగీకరించిన చెవులు దీనికి ఎందుకు ముడుచుకోవాలి?

1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవం ఆ నాదాన్ని విన్నది. 1995లో కెనడా సంగీతకారుడు మైకేల్ బ్రూక్‌తో కలిసి ఆయన 'డ్రీమ్' అనే ఆల్బమ్ చేశాడు. మీటిన స్వరం ఆగకుండా నిలిచే గిటారును రూపొందించినవాడు ఈ బ్రూకే! 1998లో పద్మశ్రీ పొందిన శ్రీనివాస్ 2014లో, నలభై అయిదేళ్లకే, చెన్నైలో కన్నుమూశాడు.

మీట నొక్కితే తాళమంతా తానే వేసే కీబోర్డును మేము సమర్థించడం లేదు. అది చేతి పనిని మాన్పిస్తుంది. శ్రీనివాస్ మార్చిన వాద్యం చేతికి మరింత పని చెప్పింది. మా విద్యార్థి చేసినది ఈ రెండవ కోవది. మేము తొందరపడి మొదటి దానిలో చేర్చాము.

నూజివీడులో పనస కర్రతో వీణలు చేసే ముస్లిం కుటుంబం ఉన్నది. 2008 నుండి ట్రిపుల్ ఐటీయూ ఉన్నది. మన పిల్లలు రెండవ దాని గేటు చూసినంతగా మొదటి దాని గడప చూడలేదు. భౌతికశాస్త్ర ప్రయోగశాలను శనివారం సాయంత్రాలు వాద్యాల పనికి తెరవాలనీ, ఒక సాల్డరింగ్ ఐరన్, ఒక చిన్న ఆంప్లిఫయరు మంజూరు చేయాలనీ కమిటీ పెద్దలను కోరుతున్నాము.

వాద్యం మళ్లీ తెమ్మని ఆ విద్యార్థిని అడిగాము. తీగె ఒకటి తెగిందట; విజయవాడ నుండి తెప్పించాలట.